కొన్ని వారాలకని వెళ్ళిన తల్లిదండ్రులు: డాలస్‌లో ఒక హెచ్-4 విద్యార్థిని కేస్ స్టడీ

ఈ వ్యాసంలోని అమ్మాయిని మేఘన అని పిలుస్తున్నాను. అది అసలు పేరు కాదు. ఊళ్ళు, ఉద్యోగాల వివరాలు కూడా ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొంత మార్చాను. ఆమె, ఆమె తల్లిదండ్రులు చదివి ఒప్పుకున్న మేరకే రాస్తున్నాను. డాలస్ శివార్లలో కౌన్సెలర్‌గా పనిచేసే నా దగ్గరకు, వీసా చిక్కుల వల్లనో ఉద్యోగాల వల్లనో తల్లిదండ్రులకు దూరంగా పెరుగుతున్న తెలుగు పిల్లలు వస్తుంటారు. అలాంటి పిల్లలనగానే అందరి దృష్టీ మొదట బెంగ మీదకు పోతుంది. మేఘనకు బెంగ ఉండేది, దాన్ని తక్కువ చేసి చెప్పను. అయితే ఆమెను జబ్బు దాకా తీసుకెళ్ళింది మరొకటి. అమ్మానాన్నలు దగ్గర లేని ఆ కాలంలో ఆమె మంచిచెడ్డలు నిర్ణయించాల్సినది ఎవరో ఏ పెద్దవారూ తేల్చి చెప్పలేదు. ఎప్పటికప్పుడు వచ్చే నెల వచ్చేస్తారనుకుంటూ ఉండడం వల్ల, తేల్చాల్సిన అవసరం ఉందని కూడా ఎవరికీ తోచలేదు.

నేపథ్యం

మేఘన హైదరాబాదులో పుట్టి, ఆరేళ్ళ వయసులో తల్లిదండ్రులతో టెక్సస్ వచ్చింది. తండ్రి ఎల్-1 వీసా (కంపెనీ తన ఉద్యోగిని అమెరికా శాఖకు పంపేది) మీద వచ్చి, ఇక్కడే ఉండగా హెచ్-1బి (నిపుణ ఉద్యోగుల) హోదాకు మారాడు. హోదా మారినా పాస్‌పోర్టులో కొత్త వీసా ముద్ర పడదు; దేశం దాటి వెళితే కాన్సులేట్‌లో స్టాంపింగ్ చేయించుకుంటే గాని తిరిగి రాలేరు. తల్లికీ మేఘనకూ అతని మీద ఆధారపడినవారిగా హెచ్-4 హోదా, వాళ్ళకూ స్టాంపింగ్ కాలేదు. తమ్ముడు మాత్రం ఇక్కడే పుట్టినందువల్ల అమెరికా పౌరుడు.

2020 ఫిబ్రవరి చివర తెనాలిలో నాయనమ్మ చనిపోయింది. తండ్రి పెద్దకొడుకు, కర్మ చేయాల్సినవాడు. భార్యనూ ఆరేళ్ళ కొడుకునూ తీసుకుని మర్నాడే బయల్దేరాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న మేఘనకు బడి పోతుందని, పైగా ఆమెనూ తీసుకెళితే స్టాంపింగ్‌లో ఇరుక్కునే వాళ్ళు ఇంకొకరు పెరుగుతారని, ఇర్వింగ్‌లో ఉన్న తల్లి చిన్నాన్న కూతురి ఇంట్లో ఉంచారు. పెద్దకర్మ అయ్యాక మార్చి మూడో వారంలో హైదరాబాద్ కాన్సులేట్‌లో స్టాంపింగ్ పూర్తిచేసుకుని వచ్చేద్దామన్నది ఆలోచన. మేఘన ఒక సూట్‌కేసు, బడి సంచి పట్టుకుని పిన్ని ఇంటికి వెళ్ళింది.

ఆ తర్వాత జరిగినది చాలా కుటుంబాలకు స్వానుభవమే. మార్చి మధ్యలో భారత్‌లోని అమెరికన్ కాన్సులేట్లు వీసా అపాయింట్‌మెంట్లు రద్దు చేశాయి. మార్చి 22 నుంచి భారత్ అంతర్జాతీయ విమానాలను ఆపేసింది. జూన్ 22న సంతకమైన అధ్యక్ష ప్రకటన, చెల్లుబాటయ్యే వీసా లేకుండా దేశం బయట ఉన్న హెచ్-1బి, హెచ్-4 వారి రాకను ఏడాది చివరిదాకా నిలిపివేసింది; ఏడాది చివర దాన్ని 2021 మార్చి 31 దాకా పొడిగించారు. మధ్యలో ఆగస్టు 12న, అదే కంపెనీలో అదే ఉద్యోగానికి తిరిగివచ్చే వారికి మినహాయింపు ప్రకటించారు. అయితే మేఘన తండ్రికి ఇంటర్వ్యూ తప్పనిసరి, ఇంటర్వ్యూ తేదీలేమో దొరకలేదు. దొరికిన తేదీ రెండుసార్లు రద్దయింది. ఇక్కడ టెక్సస్‌లో మార్చిలో మూతపడ్డ బడులు ఆ విద్యా సంవత్సరానికి మళ్ళీ తెరుచుకోలేదు. ఏ బడి కోసం ఆమెను వదిలి వెళ్ళారో ఆ బడే లేకుండా పోయింది.

ఆగస్టులో ఫ్రిస్కోలోని వాళ్ళ అపార్ట్‌మెంట్ లీజు ముగిసింది. ఎప్పుడొస్తారో తెలియని ఇంటికి అద్దె కట్టడం దండగని తెనాలిలో తండ్రి, ఇర్వింగ్‌లో బాబాయి ఫోన్లో మాట్లాడుకుని ఖాళీ చేసేశారు. బాబాయి, ఇద్దరు స్నేహితులు కలిసి సామానంతా అట్టపెట్టెల్లో సర్ది స్టోరేజ్ యూనిట్‌లో పెట్టారు. తన గది సర్దుతున్నారన్న సంగతి మేఘనకు పని అయిపోయాక తెలిసింది. పిల్ల బాధపడుతుందని చెప్పలేదన్నారు.

రెఫరల్, మొదటి అంచనా

2020 అక్టోబరులో బడి కౌన్సెలర్ నుంచి పిన్నికి ఫోన్ వచ్చింది. మార్కులు తగ్గలేదు, అన్నీ ‘ఏ’ గ్రేడులే. కానీ ఆన్‌లైన్ క్లాసుల్లో మేఘన కెమెరా ఆన్ చేయడం మానేసింది, హోంవర్కులు తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ పంపుతోంది, బరువు తగ్గింది, తరచు కడుపునొప్పి అంటోంది. నాకు ఫోన్ చేసినప్పుడు పిన్ని మొదట అన్న మాట ఇది: “మా ఇంట్లో తనకి ఏ లోటూ లేదండీ. పిల్ల బంగారం. ఒక్క మాట ఎదురు చెప్పదు. అన్నమే సరిగ్గా తినట్లేదు.” పదిహేనేళ్ళ పిల్ల ఎనిమిది నెలలపాటు ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదంటే, నాకు అది మెచ్చుకోలుగా వినిపించదు, లక్షణంగా వినిపిస్తుంది.

తల్లిదండ్రుల అనుమతి తీసుకుని వీడియోలో సెషన్లు మొదలుపెట్టాం. మొదటి సెషన్‌కు మేఘన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, బాబాయి కారు వెనక సీట్లో కూర్చుని మాట్లాడింది. లోపల ఎవరైనా వింటారని భయమా అని అడిగాను. “వింటే వాళ్ళు ఫీల్ అవుతారు” అంది. మేఘనకు తన భయాలకన్నా ఎదుటివారి నొప్పి ముందు కనబడుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

కౌమార వయసు వారికి వాడే పీహెచ్‌క్యూ-ఎ ప్రశ్నావళిలో ఆమెకు 15 వచ్చింది, అంటే కుంగుబాటు ఒక మోస్తరు స్థాయిని దాటింది. చావు ఆలోచనల గురించిన ప్రశ్నకు “కొన్ని రోజులు” అని గుర్తుపెట్టింది. ఆ మాటనే పట్టుకుని నెమ్మదిగా, సూటిగా అడిగాను. చనిపోవాలన్న ఉద్దేశం గాని, పథకం గాని లేవు. “నేను లేకపోతే పిన్ని వాళ్ళకి ఒక పని తగ్గుతుంది, నాన్నకి ఒక టెన్షన్ తగ్గుతుంది” అన్నది ఆమె లెక్క. ఆ రోజే భద్రతా ప్రణాళిక రాసుకున్నాం. ఇంట్లో మందులు తాళంలోకి వెళ్ళాయి, మేఘనకు చెప్పే పిన్నికి విషయం తెలియజేశాను, తల్లిదండ్రులతో విడిగా మాట్లాడాను. పిల్లల డాక్టరు చేయించిన రక్తపరీక్షల్లో రక్తహీనత కనబడితే ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. ఆయనా నేనూ మాట్లాడుకుని, డిప్రెషన్ మందుల సంగతి ఆరు వారాలు ఆగి చూద్దామనుకున్నాం. చివరికి వాటి అవసరం రాలేదు.

ఆ ఇంట్లో మేఘన

చెడ్డవాళ్ళెవరూ లేని కథ ఇది. పిన్నీ బాబాయీ మనసున్న మనుషులు. రెండు పడగ్గదుల అపార్ట్‌మెంట్, ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటినుంచే ఇద్దరి ఉద్యోగాలు. ఉన్నదాంట్లోనే మేఘనకు పిల్లల గదిలో చోటిచ్చారు. ఆ గదిలో ఎవరికీ కనబడకుండా ఏం జరుగుతోందో తెలుసుకోవడానికి నాకు కొన్ని వారాలు పట్టింది.

మేఘన ఫ్రిజ్ తెరిచే ముందు అడిగేది. దోసెల దగ్గర పిన్ని ఇంకోటి వేయనా అంటే, ఆకలున్నా “చాలు పిన్నీ” అనేది; పక్కనే ఆ ఇంటి పిల్లలు మూడోది, నాలుగోది కావాలని పేచీ పెడుతుండేవారు. అందరి తర్వాత స్నానం చేసేది. ఎవరూ చెప్పకుండానే గిన్నెలన్నీ కడిగేది. ఏసీ మరీ చల్లగా ఉన్నా తగ్గించమని అడగలేక చలికోటు వేసుకుని పడుకునేది. శానిటరీ ప్యాడ్లు కావాలని పిన్నిని అడగడానికి మొహమాటపడి, పుట్టినరోజుకు వచ్చిన గిఫ్ట్ కార్డుతో అమెజాన్‌లో తెప్పించుకుంది. ఆ కార్డులో డబ్బు అయిపోయిన నెల ఏం చేసిందో చెప్పేటప్పుడు ఆమె తల ఎత్తలేదు. రాత్రి రెండున్నరకు, మూడింటికి హోంవర్కు చేయడానికి కారణం నిద్ర పట్టకపోవడం ఒక్కటే కాదు. చిన్నపిల్లలు పడుకున్నాక ఆ ఇంట్లో ఆమెకంటూ ఒక బల్ల, ఒక లైటు దొరికేది ఆ వేళలోనే.

పెద్దలవైపు చూస్తే ఎవరి మొహమాటం వాళ్ళది. తండ్రి నెలనెలా డబ్బు పంపుతానంటే బాబాయి “మనలో మనకేంటి అన్నయ్యా” అని కొట్టిపారేశాడు. ఆ మాట మనస్ఫూర్తిగా అన్నదే. కానీ నెలలు గడిచేకొద్దీ పిన్నికి ఖర్చు తెలుస్తోంది, ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే సిగ్గు వేస్తోంది. డబ్బు తీసుకోనందువల్ల తల్లికి ఏదైనా అడగడానికి నోరు రావడం లేదు. పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాలా, క్లాసులు ఇంటినుంచా బడికి వెళ్ళా, కారు నేర్చుకోవడానికి పర్మిట్ తీసుకోవచ్చా అనే ప్రశ్నలు వస్తే, పిన్ని “మీ అమ్మని అడుగు” అనేది, తల్లి “పిన్ని ఎలా అంటే అలా చెయ్” అనేది. మేఘన కొన్నాళ్ళకు అడగడమే మానేసింది.

ఫోన్ కాల్స్ సంగతి కూడా చెప్పాలి. చలికాలంలో డాలస్‌కూ తెనాలికీ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ మర్నాడు ఉదయం ఏడున్నర. తండ్రి తెనాలిలో ఉంటూ అమెరికా వేళల్లో రాత్రంతా పనిచేసి, అప్పుడే పడుకోబోతూ ఉండేవాడు. తల్లి వంటింట్లో స్టీలు డబ్బాకు ఫోన్ ఆనించి, తిన్నావా, చదువుకున్నావా, పిన్నిని ఇబ్బంది పెట్టట్లేదు కదా అని అడిగేది. ఆ, ఆ, లేదమ్మా అనే మూడు జవాబులతో కాల్ అయిపోయేది. తెర మీద తమ్ముడు వచ్చి అమ్మ ఒళ్ళో కూర్చుంటే మేఘన కనెక్షన్ పోయిందని చెప్పి కట్ చేసేది. ఇక్కడ పుట్టినవాడు అక్కడ అమ్మ దగ్గర ఉన్నాడు, అక్కడ పుట్టిన తాను ఇక్కడ ఒంటరిగా ఉంది. ఈ విషయం ఆమె నాతో ఏడుస్తూ కాదు, కోపంగా చెప్పింది. ఆమెలో కోపం కనబడినందుకు నేను సంతోషించాను.

చికిత్స

వలస వచ్చిన పిల్లల మీద కరోలా స్వారెజ్-ఒరోజ్కో బృందం చేసిన పరిశోధన ఈ రంగంలో పనిచేసేవారికి తెలిసినదే. చైనా, హైతీ, మెక్సికో, డొమినికన్ రిపబ్లిక్, మధ్య అమెరికా దేశాల నుంచి వచ్చిన 385 మంది పిల్లల్లో 85 శాతం మంది వలస క్రమంలో ఏదో ఒక దశలో తల్లికో తండ్రికో ఇద్దరికో దూరమైనవారేనని 2002లో ప్రచురించారు. దూరమైన పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు ఎక్కువగా కనబడ్డాయి. మేఘనది ఆ లెక్కలో కూడా ఇమడని పరిస్థితి. ఆమె కుటుంబం విడిగా ఉండాలని ఎన్నడూ నిర్ణయించుకోలేదు, కాబట్టి దానికి ఏర్పాటు అంటూ ఏదీ చేసుకోలేదు. వియత్నాం యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసిన పాలీన్ బాస్, మనిషి ఉన్నట్టూ లేనట్టూ ఉండే ఇలాంటి ఎడబాటు మామూలు దుఃఖంకన్నా ఎందుకు ఎక్కువ నలిపేస్తుందో వివరించారు. ముగింపు లేని దుఃఖానికి ఓదార్పు కూడా మొదలుకాదు. ఈ సంగతి మేఘనకు ఆమె భాషలో చెప్పినప్పుడు, “అయితే నేను డ్రామా చేయట్లేదన్నమాట” అంది.

మొదట చేసిన పని కుటుంబ సమావేశం. తెనాలి నుంచి తల్లిదండ్రులు, ఇర్వింగ్ నుంచి పిన్ని, బాబాయి, మేఘన అందరూ ఒకే తెర మీదకు వచ్చారు. వాళ్ళు ఎప్పుడొస్తారన్న చర్చను నేను ఆ రోజు జరగనివ్వలేదు. వచ్చే వేసవిదాకా రారనుకుని మాట్లాడుకుందాం, ముందే వస్తే మంచిదే అన్నాను. తల్లి ఏడ్చింది. మేఘన మొహంలో మాత్రం ఊరట కనబడింది. చదువు, డాక్టర్లు, బయటికి వెళ్ళడం, ఫోన్ వాడకం వంటి రోజువారీ విషయాల్లో పిన్నిదే నిర్ణయం. కోర్సుల ఎంపిక, పెద్ద ఖర్చులు తండ్రివి. పిన్ని కాదన్నదాన్ని తెనాలి నుంచి అవుననడం ఉండదు. టెక్సస్ ఫ్యామిలీ కోడ్ 34వ అధ్యాయం కింద, పిల్లను చూసుకుంటున్న పెద్దవారికి తల్లిదండ్రులు నోటరీతో రాసిచ్చే అధికార పత్రం ఒకటుంది. కోర్టుకు వెళ్ళక్కర్లేదు, తల్లిదండ్రుల హక్కులకేమీ భంగం రాదు, బడికీ ఆసుపత్రికీ అది చాలు. లాయరు సాయంతో దాన్ని పూర్తిచేయించాం. మందు అని ఎవరూ అనని ఆ కాగితం ఈ కేసులో మందులా పనిచేసిందని నా నమ్మకం. ఆ మర్నాటినుంచి పిన్ని మేఘనను కసరడం మొదలుపెట్టింది. ఫోన్ పక్కనపెట్టి పడుకో అని అరిచిందని మేఘన నాకు ఫిర్యాదు చేసింది. ఆ ఫిర్యాదు చేసేటప్పుడు ఆమె గొంతులో ప్రాణం ఉంది.

డబ్బు విషయం పిన్నితో విడిగా మాట్లాడాను. నెలకు ఇంత అని ఒక మొత్తం కుదిరింది. బాబాయి చాలాసేపు ఒప్పుకోలేదు. ఆ డబ్బు మీకోసం కాదు, తన ఖర్చులు తనవేనన్న ధైర్యం పిల్లకు రావడానికి అని చెప్పాక సరేనన్నాడు. అందులో కొంత నేరుగా మేఘన చేతికి వచ్చేటట్టు చూశాం.

కాల్స్‌ను పూర్తిగా మార్చాం. ప్రశ్నలు వద్దు. తల్లి ఉదయం టిఫిన్ చేసుకుంటున్నంతసేపూ ఫోన్ అలా ఆన్‌లోనే ఉంటుంది, ఇక్కడ మేఘన హోంవర్కు చేసుకుంటుంది. మాట్లాడాలనిపిస్తే మాట్లాడుతుంది. పోపు వేసిన చప్పుడు, పాలవాడి కేక, తల్లి తమ్ముణ్ణి తిట్టడం వినబడుతుంటే చదువుకోవడం మేఘనకు నచ్చింది. కొన్ని వారాలకు ఒకరోజు, లెక్క కుదరక విసుక్కుని తల్లి మీద అరిచింది. తల్లి భయపడి నాకు మెసేజ్ పెట్టింది. మంచిదేనని జవాబిచ్చాను.

డిసెంబరులో బాబాయి మేఘనను స్టోరేజ్ యూనిట్‌కు తీసుకెళ్ళాడు. ఏం తెచ్చుకుంటావో నువ్వే ఎంచుకో అని ముందే చెప్పి ఉంచాం. పెట్టెలన్నీ వెతికి ఆమె తెచ్చుకున్నవి రెండే: తన దుప్పటి, అంచు మీద తన పేరు చెక్కించి అమ్మమ్మ ఇచ్చిన స్టీలు కంచం. ఆ రాత్రి అందులో రెండుసార్లు అన్నం పెట్టించుకుందని పిన్ని చెప్పింది. గది సర్దడం తనకు చెప్పకుండా చేశారన్న మాట మేఘన తండ్రితో అన్నది కూడా ఆ వారంలోనే. తండ్రి సమర్థించుకోబోతే ఆపి, విని ఊరుకోమని కోరాను. ఆయన విన్నాడు. “తప్పు చేశాం తల్లీ” అన్నాడు.

2021 ఫిబ్రవరి

ఫిబ్రవరి 15 తెల్లవారుజామున టెక్సస్‌లో చాలాచోట్ల కరెంటు పోయిన మంచు తుఫాను ఇక్కడివారెవరూ మరచిపోరు. 16న డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. ఆ అపార్ట్‌మెంట్‌లో హీటరు ఆగిపోయింది. బాబాయి కారును ఆరుబయట నడిపిస్తూ ఒక్కో ఫోన్‌కు కొంచెం కొంచెం ఛార్జి పెడుతున్నాడు. తెనాలిలో టీవీ చూసి తల్లి ఆగకుండా ఫోన్ చేస్తోంది. ఛార్జి అయిపోతుందని మేఘన ఫోన్ ఆపేసింది, కాసేపటికి భయం పట్టుకుంది, ఊపిరి అందడం లేదంటూ ఏడ్చింది. అమ్మ కావాలని గట్టిగా అరిచిందట. పిన్ని ఆమెను ఒళ్ళోకి లాక్కుని, పిల్లలందరినీ ఒకే పరుపు మీదకు చేర్చి, ఉన్న దుప్పట్లన్నీ కప్పి, తెల్లవారేదాకా మేఘన వీపు నిమురుతూ కూర్చుంది.

తర్వాతి సెషన్‌లో మేఘన సిగ్గుపడింది, చిన్నపిల్లలా చేశానంది. నేను దాన్ని వేరేలా చూశాను. ఏడాదిలో మొదటిసారి ఆమె ఒక పెద్దమనిషి ముందు పిల్లగా ఉంది, ఆ పెద్దమనిషి తట్టుకుంది. ఈ రెండూ ఒకేసారి జరగడానికి నవంబరునుంచి చేసిన ఏర్పాట్లు పునాది వేశాయి. ఆ నెలాఖరుకు పీహెచ్‌క్యూ-ఎ 8కి దిగింది, చావు ఆలోచనలు లేవు. కెమెరా కూడా ఆన్ చేస్తోందని బడినుంచి కబురు వచ్చింది.

తిరిగి కలిశాక

మార్చి చివర తండ్రికి ఇంటర్వ్యూ అయింది, ఏప్రిల్ మధ్యలో ముగ్గురూ డాలస్ చేరారు. మే 4 నుంచి భారత్ నుంచి వచ్చేవారి మీద మళ్ళీ ఆంక్షలు వచ్చాయి, కాబట్టి కొద్ది రోజుల తేడాతో బయటపడ్డారు. ఇక చికిత్స అవసరం లేదేమోనని తల్లి అడిగింది. ఇప్పుడే ఎక్కువ అవసరమని చెప్పి ఒప్పించాను. దూరమైన పిల్లలకు తిరిగి కలవడం రెండో కుదుపు. దానికి ఎవరూ సిద్ధంగా ఉండరు, ఎందుకంటే అందరూ దాన్ని పండగ అనుకుంటారు.

అనుకున్నట్టే మొదటి రెండు వారాలు సంబరంగా గడిచాయి. తర్వాత మేఘన తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. బయటికి వెళ్ళాలంటే అలవాటుగా పిన్నికి మెసేజ్ పెట్టి అడిగేది. వంటింట్లో పనిలో ఉన్న తల్లిని ఒకసారి పొరపాటున “పిన్నీ” అని పిలిస్తే ఆమె ఆ రోజంతా మాట్లాడలేదు. తల్లి పదిహేనేళ్ళ కూతురిని వదిలి వెళ్ళిన చోటినుంచే మళ్ళీ మొదలుపెట్టాలనుకుంది. ఎదురుగా ఉన్నది పదహారు దాటిన పిల్ల, తన బట్టలు తాను ఉతుక్కునేది, తన డబ్బు లెక్క తాను రాసుకునేది. తల్లి ప్రేమతో జడ వేయబోతే తల విదిల్చుకునేది. పిన్నికి కూడా తన ఇల్లు ఖాళీ అయిన బాధ ఉంది, అది పైకి అనే హక్కు తనకు లేదనుకుంది. తల్లినీ పిన్నినీ కలిపి ఒక సెషన్‌లో కూర్చోబెట్టాను. నా బిడ్డను నాకన్నా నువ్వే బాగా ఎరుగుదువని తల్లి అనగలిగింది. అంత కష్టమైన మాటను అంత నిజాయితీగా అన్న తల్లులను నేను ఎక్కువమందిని చూడలేదు. ఆ తర్వాత శనివారాలు మేఘన పిన్ని ఇంటికి వెళ్ళే ఏర్పాటు కుదిరింది, అది వేసవి దాటినా కొనసాగింది.

2021 డిసెంబరులో క్రమం తప్పని సెషన్లు ముగించేటప్పటికి పీహెచ్‌క్యూ-ఎ 4. తల్లికీ కూతురికీ గొడవలున్నాయి, అవి పదహారేళ్ళ పిల్లలున్న ఏ ఇంట్లోనైనా ఉండేవే. తీరని విషయం ఒకటి మిగిలింది. హెచ్-4 హోదా ఇరవై ఒకటో ఏటితో ముగుస్తుంది. భారత్‌లో పుట్టినవారికి ఉపాధి ఆధారిత గ్రీన్ కార్డుల వరుస చాలా పొడుగు, మేఘనకు ఇరవై ఒకటి నిండేలోపు తండ్రి వంతు వస్తుందని లాయరు భరోసా ఇవ్వలేదు. రాకపోతే ఎఫ్-1 విద్యార్థి హోదాకు మారాలి, ఈసారి తల్లిదండ్రులు ఇక్కడ ఉండి తాను దేశం వదలాల్సి రావచ్చు. పిల్లకు ఇప్పుడే ఎందుకు చెప్పడమని తండ్రి సందేహించాడు. అపార్ట్‌మెంట్ సంగతి గుర్తుచేశాను. చివరి కుటుంబ సెషన్‌లో ఆయన తన కాగితాలన్నీ తెర మీద పెట్టి, ఏ తేదీకి ఏం జరగవచ్చో, అప్పుడు ఏ దారులుంటాయో మేఘనకు ఒక్కొక్కటిగా వివరించాడు. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంటూ రెండు ప్రశ్నలు వేసింది, రెండోదానికి ఆయన దగ్గర జవాబు లేదు, లాయరును అడిగి చెప్తానన్నాడు. కాలేజీ దరఖాస్తుల సమయంలో మళ్ళీ రావచ్చన్న ఒప్పందంతో ఫైలు మూసాను.